ఫోన్ లాక్కుంటే తీరే ముప్పు కాదు

2020లో బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో టీశాట్, దూరదర్శన్ ద్వారా డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటు బడుల్లోనైతే క్లాసంతా ఫోన్‌లోనే నడిచింది. అప్పటిదాకా ‘ఫోన్ ముట్టుకున్నావంటే చూడు’ అన్న తల్లిదండ్రులే అప్పు చేసి మరీ పిల్లల చేతికి స్మార్ట్‌ఫోన్ ఇచ్చారు. బడులు తెరిచాక కూడా అది వాళ్ల చేతుల్లోనే ఉండిపోయింది. హోంవర్కు క్లాసు వాట్సాప్ గ్రూపులోకే వస్తోంది. జేఈఈ, నీట్ పాఠాలు యూట్యూబ్‌లో ఉన్నాయి. ఫోన్ ఇవ్వాలా వద్దా అన్న చర్చ చాలా ఇళ్లలో ఎప్పుడో ముగిసింది. ఆ ఫోన్‌లో పిల్లలకి ఏదైనా కీడు జరిగితే ఆ సంగతి మన చెవిన పడుతుందా లేదా అన్నదే ఇప్పుడు అసలు ప్రశ్న. పెద్దవాళ్లలో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు పిల్లల నోరు మూయిస్తున్నాయి. ముందు వాటిని వదిలించుకోవాలి.

అపోహ: మగపిల్లాడే కదా, వాడికేం భయం?

ఆడపిల్ల ఫోన్ పట్టుకుంటే ఇంట్లో అందరి చూపూ అటే ఉంటుంది. అదే వయసు అబ్బాయి రాత్రి రెండింటిదాకా దుప్పటి ముసుగులో ఫోన్ చూస్తున్నా ‘ఏదో గేమ్ ఆడుకుంటున్నాడులే’ అని ఊరుకుంటారు. నగ్నచిత్రాలు చేజిక్కించుకుని డబ్బు కోసం బెదిరించే ముఠాలు ఎక్కువగా గురిపెట్టేది ఈ అబ్బాయిలనే. వీటికి ఎక్కువగా బలవుతున్నది 14 నుంచి 17 ఏళ్ల మగపిల్లలేనని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కొన్నేళ్లుగా హెచ్చరిస్తోంది. న్యూడ్ వీడియో కాల్ మోసాలు మన పోలీసులకూ కొత్తవి కావు.

జరిగే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక అమ్మాయి పేరుతో రిక్వెస్ట్ వస్తుంది. మ్యూచువల్ ఫ్రెండ్స్‌లో తెలిసిన పేర్లు ఇద్దరు ముగ్గురివి కనిపిస్తాయి, ఎందుకంటే అదే ఐడీ నుంచి వాళ్లకీ రిక్వెస్ట్ వెళ్లింది, వాళ్లూ ఒప్పేసుకున్నారు. మాటలు తొందరగా ముదురుతాయి. అవతలి నుంచి ఒక ఫొటో వచ్చి, ‘ఇప్పుడు నీది పంపు’ అన్న మెసేజ్ వస్తుంది. లేదంటే వీడియో కాల్‌లో ముందే రికార్డు చేసి పెట్టుకున్న అమ్మాయి వీడియో నడుస్తుంటే, ఇవతల కుర్రాడు చేసేదంతా రికార్డవుతుంది. ఆ వెంటనే స్వరం మారిపోతుంది. వాడి ఫాలోవర్ల జాబితా స్క్రీన్‌షాట్ తీసి, అందులో అక్కని, మేనమామని, క్లాసులో పిల్లల్ని చూపించి, ‘డబ్బు వేయకపోతే వీళ్లందరికీ పంపేస్తాం’ అంటారు. గంట గడువు పెడతారు. ఊపిరి సలపనివ్వరు.

ఆ ఫొటోతో పాటు వాళ్ల చేతిలో ఇంకో ఆయుధం ఉంటుంది. ‘మీ నాన్నకి తెలిస్తే ఏమవుతుందో ఆలోచించుకో’ అన్న మాట అది. ఆ నాన్న ఎవరో వాళ్లకి తెలియదు. అయినా ఆ మాట పనిచేస్తుంది. నాన్నకి చెప్పేస్తే సగం భయం పోతుందన్న నమ్మకం ఆ పిల్లాడికి ఉంటే ఆ మాటకి బలమే లేదు. బెదిరింపు మొదలైన కొన్ని గంటల్లోనే ప్రాణాలు తీసుకున్న పిల్లలు వేర్వేరు దేశాల్లో ఉన్నారు. అందుకే పిల్లాడు వచ్చి చెప్పినప్పుడు మన నోటివెంట వచ్చే మొదటి మాట ‘నీకు బుద్ధుందా’ అని కాకూడదు. ‘చెప్పి మంచి పని చేశావు నాన్నా, ఇక ఇది నేను చూసుకుంటాను’ అనాలి. తిట్టాల్సింది ఏమైనా ఉంటే నెల తర్వాత తిట్టుకోవచ్చు.

డబ్బు పంపకూడదు. ఒకసారి పంపితే బేరం ముగియదు, ఇస్తాడని తెలిశాక అడిగే మొత్తం పెరుగుతుంది. జవాబులు ఆపేయాలి. ఐడీ పేరు, ప్రొఫైల్ లింకు, చాట్, డబ్బు వేయమన్న యూపీఐ నంబరు అన్నీ స్క్రీన్‌షాట్లు తీశాకే బ్లాక్ చేయాలి. డబ్బు అప్పటికే వెళ్లిపోతే వెంటనే సైబర్ నేరాల సహాయవాణి 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో ఆ సొమ్మును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఆ రాత్రి పిల్లాణ్ణి ఒంటరిగా పడుకోనివ్వకండి. మనసు కుదుటపడక ఇబ్బంది పడుతుంటే ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు.

అపోహ: ముప్పంతా ముక్కూ మొహం తెలియని వాళ్ల నుంచే.

2018 వేసవిలో తెలుగు జిల్లాల్లో ఒక భయం వాట్సాప్ మీద ఊరేగింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వచ్చిన ఫార్వర్డులు నమ్మి జనం అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ జులైలో కర్ణాటకలోని బీదర్ జిల్లాలో, పిల్లలకి చాక్లెట్లు పంచారన్న అనుమానంతో మూక దాడి చేస్తే హైదరాబాద్‌కి చెందిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ప్రాణాలు పోయాయి. అంతకు ముందు ఏడాది ‘బ్లూ వేల్’ అనే ఆట పిల్లల్ని చంపేస్తోందని దేశమంతా గగ్గోలు పుట్టింది. నిపుణుల కమిటీ పరిశీలించాక, ఏ ఒక్క మరణానికీ ఆ ఆటే కారణమని తేలలేదని కేంద్రం 2018 జనవరిలో పార్లమెంటుకి చెప్పింది. ఆ సంగతిని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

ఇలాంటి పుకార్లు మన చూపును తప్పుదారి పట్టిస్తాయి. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం కింద నమోదయ్యే అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు ఆ బిడ్డకి ముందే తెలిసినవాళ్లని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. ఆన్‌లైన్‌లో జరిగేవాటి వెనకా క్లాస్‌మేట్లు, సీనియర్లు, ట్యూషన్ చెప్పేవాళ్లు, దూరపు బంధువులు ఉండవచ్చు. నిజంగా అపరిచితుడే అయినా, బిడ్డ దృష్టిలో అతను అపరిచితుడిగా ఎన్నాళ్లో ఉండడు. వారాల తరబడి కబుర్లు చెప్పి, పుట్టినరోజు గుర్తుపెట్టుకుని, అమ్మ తిట్టిన రోజున ఓదార్చి, ‘నిన్ను నేనొక్కణ్ణే అర్థం చేసుకుంటాను’ అనే స్నేహితుడైపోతాడు. కాబట్టి ‘తెలియనివాళ్లతో మాట్లాడకు’ అని చెప్పి వదిలేస్తే చాలదు. మనిషి ఎవరన్నది పక్కనపెట్టి, అడుగుతున్నది ఏమిటో గమనించడం నేర్పాలి. ‘ఈ మాట ఇంట్లో చెప్పకు’ అన్నా, ‘ఈ యాప్ వద్దు, వేరే యాప్‌లోకి రా’ అన్నా, ఫొటో అడిగినా, కెమెరా ఆన్ చేయమన్నా, వాళ్లు బాబాయే అయినా సరే, వచ్చి చెప్పాల్సిన విషయమే.

అపోహ: గేములో ఏముంటుంది, కాల్చుకోవడమే కదా.

బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్, రోబ్లాక్స్‌ వంటి వాటిలో చాట్ ఉంటుంది. బీజీఎంఐ లాంటి ఆటల్లో స్క్వాడ్ అంతా హెడ్‌ఫోన్స్‌లో మాట్లాడుకుంటూ ఆడతారు. పదేళ్ల పిల్లాడి జట్టులో ముప్పై ఏళ్లవాడు ఉండవచ్చు. స్కిన్లు, డైమండ్లు బహుమతిగా ఇచ్చి దగ్గరై, అక్కణ్నుంచి డిస్కార్డ్‌కో వాట్సాప్‌కో రమ్మంటాడు. వారానికోసారి పిల్లాడి పక్కన కూర్చుని ఒక మ్యాచ్ ఆడనివ్వండి. అడక్కుండానే ఆ జట్టులో ఎవరెవరున్నారో అర్థమవుతుంది.

అపోహ: 13 ఏళ్లు నిండాయిగా, ఇన్‌స్టా పెట్టుకోవచ్చన్నమాట.

ఆ 13 అనే సంఖ్య పిల్లల మానసిక నిపుణులు లెక్కగట్టి చెప్పింది కాదు. 13 ఏళ్లలోపు పిల్లల వివరాలు సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని అమెరికా 1998లో చట్టం చేసింది. ఆ తలనొప్పి ఎందుకని కంపెనీలు 13 లోపు వాళ్లకి ఖాతాలే ఇవ్వబోమన్నాయి. అదే నిబంధన ప్రపంచమంతా పాకింది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండేదాకా పిల్లలుగానే చూస్తుంది.

ఇంతకంటే నష్టం చేసేది ఇంకోటుంది. ఐదో తరగతి పిల్లకి ఖాతా తెరవాలని చాలాచోట్ల అన్నయ్యో, ఒక్కోసారి అమ్మే, పుట్టిన సంవత్సరం 2000 అని కొట్టేస్తారు. దాంతో ఆ యాప్ దృష్టిలో ఆ పిల్ల పెద్దదైపోతుంది. ఇన్‌స్టాగ్రామ్ 2024 సెప్టెంబరులో ప్రకటించి, 2025లో మన దేశానికీ తెచ్చిన టీన్ అకౌంట్లలో ఖాతా దానంతటదే ప్రైవేటుగా ఉంటుంది, పిల్లలు ఫాలో చేయని, ముందే పరిచయం లేని వాళ్లు మెసేజ్ పెట్టలేరు, 16 లోపు వాళ్లు ఈ సెట్టింగులు సడలించాలంటే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోవాలి. పుట్టిన తేదీ అబద్ధమైతే ఈ రక్షణలేవీ ఆ పిల్లకి సరిగా దక్కవు. ఇవాళే ఆ ఖాతా తెరిచి తేదీ ఒకసారి చూడండి.

అపోహ: పేరెంటల్ కంట్రోల్ వేశాం, ఇక దిగుల్లేదు.

చిన్నపిల్లలకి అవి తప్పకుండా ఉండాలి. గూగుల్ ఫ్యామిలీ లింక్ ఉంటే ఏ యాప్ దించుకోవాలన్నా మన అనుమతి అడుగుతుంది, రాత్రి ఫలానా టైముకి ఫోన్ లాక్ అయిపోతుంది. కానీ వాట్సాప్‌లో ఎవరు ఏం పంపారో అది చెప్పదు. ఎదురింటి స్నేహితుడి ఫోన్‌లో ఏం చూశారో చెప్పదు. పదో తరగతి దాటిన పిల్లల ఫోన్‌లో చాటుగా నిఘా యాప్ పెట్టే తల్లిదండ్రులూ ఉన్నారు. ఇది నాకు ఏమాత్రం నచ్చని పద్ధతి. బయటపడిన రోజున ఆ పిల్ల ఇంకో ఫోన్ సంపాదించుకుంటుంది, మనతో మాట్లాడటం మానేస్తుంది. చూడాల్సి ఉంటే చెప్పి చూడాలి.

అపోహ: డిలీట్ చేసేస్తే పోయినట్టే.

ఇన్‌కాగ్నిటో అంటే ఆ ఫోన్‌లో హిస్టరీ మిగలదు, అంతవరకే. వాట్సాప్‌లో ‘వ్యూ వన్స్’ ఫొటోని స్క్రీన్‌షాట్ తీయనివ్వకపోయినా, పక్కనున్న రెండో ఫోన్‌తో ఫొటో తీయడానికి అడ్డేమీ లేదు. ఈ రెండూ పిల్లలకి చెప్పాల్సినవి. పెద్దవాళ్లకి చెప్పాల్సింది వేరే ఉంది: కంగారులో, సిగ్గుతో చాట్ మొత్తం తుడిచేసేది ఎక్కువగా మనమే. దాంతో సాక్ష్యమూ పోతుంది.

బయటికి పోయిన ఫొటోని ఇక ఎవరూ ఆపలేరనుకోవడమూ నిజం కాదు. 18 ఏళ్ల లోపు తీసిన నగ్నచిత్రాల కోసం అమెరికాలోని ఎన్‌సీఎంఈసీ అనే సంస్థ ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ తెచ్చింది, మన పిల్లలూ వాడుకోవచ్చు. ఫొటోని ఎవరికీ పంపనక్కర్లేదు. మన ఫోన్‌లోనే ఆ ఫొటోకి ఒక సంకేత సంఖ్య తయారై, అది మాత్రమే అక్కడికి చేరుతుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి ఈ సేవలో చేరిన వేదికల మీద ఆ సంఖ్యకి సరిపోలే ఫొటో కనిపిస్తే తీసేస్తారు. పేరు చెప్పక్కర్లేదు.

అపోహ: మావాడు అలాంటి పనులు చేయడు.

క్లాసు గ్రూపులో ఎవరో ఒకమ్మాయి మార్ఫింగ్ ఫొటో పెడతారు. ముప్పైమంది నవ్వే ఎమోజీ పెడతారు, నలుగురు ఇంకో గ్రూపుకి పంపిస్తారు. ఆ పంపడమే ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరం కావచ్చు, మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్న నేరం అది. పిల్లల లైంగిక చిత్రాలు ఫోన్‌లో దాచుకోవడమూ నేరమేనని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 18 లోపు పిల్లలు చేస్తే కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకి వెళ్తుంది. ‘నేను ఫార్వర్డే కదా చేశాను’ అనే పిల్లలకి ఈ సంగతి ముందే తెలియాలి. అంతకంటే ముందు, ఆ ఫొటోలో ఉన్న అమ్మాయి రేపు బడికి ఎలా వస్తుందో ఒక్కసారి ఆలోచించమనాలి.

అపోహ: మా పిల్లల ఫొటో మేం పెడితే తప్పేముంది?

యూనిఫాంలో, ఛాతీ మీద బడి పేరుతో, ‘హ్యాపీ బర్త్‌డే బంగారం, నేటితో 9 ఏళ్లు’ అన్న పబ్లిక్ పోస్టు చూసినవాడికి ఆ బిడ్డ వయసు, బడి, పుట్టినరోజు అన్నీ తెలిసిపోయాయి. స్నానం ఫొటోలు, గజ్జెల కాళ్లతో బట్టల్లేని ఫొటోలు ముద్దుగానే ఉంటాయి. అవి ఇంటి ఆల్బంలోనే ఉండనివ్వండి.

అపోహ: పోలీసుల దాకా వెళ్తే పిల్ల బతుకు బజారున పడుతుంది.

చెప్పుకోలేక వెనక్కి తగ్గే చాలా కుటుంబాలను ఆపేది ఈ భయమే. 2012 నాటి పోక్సో చట్టాన్ని రాసినవాళ్లు ఈ భయాన్ని ఎరిగే రాశారు. బిడ్డ వాంగ్మూలం ఇంట్లోగానీ, బిడ్డ కోరుకున్న చోటగానీ తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్‌ఐకి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి. ఆ సమయంలో యూనిఫాంలో ఉండకూడదు. బిడ్డ నమ్మిన పెద్దవాళ్లు పక్కన ఉండాలి. నిందితుడు కంటపడకూడదు. రాత్రిపూట ఏ కారణం చేతనైనా బిడ్డని ఠాణాలో ఉంచకూడదు. విచారణ తలుపులు మూసిన కోర్టులో జరుగుతుంది. పేరు, ఫొటో, చిరునామా, బడి, గుర్తుపట్టే వీలున్న ఏ వివరమూ మీడియా బయటపెట్టకూడదు, పెడితే అదే నేరం. తెలంగాణలోని భరోసా కేంద్రాల్లో కౌన్సెలింగ్, వైద్య సహాయం, వాంగ్మూలం అన్నీ ఒకేచోట జరుగుతాయి.

బడిలో తెలిసిందనుకోండి, ‘మన స్కూలు పేరు పోతుంది, మనలో మనమే తేల్చుకుందాం’ అనే హక్కు యాజమాన్యానికి లేదు. పోక్సో నేరం గురించి తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవాళ్లు చేసిన నేరాన్ని సంస్థ అధిపతే దాచిపెడితే ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు.

పిల్లల లైంగిక చిత్రాల మీద జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. పిల్లల సహాయవాణి 1098కి ఎవరైనా, ఆ బిడ్డే అయినా, ఫోన్ చేయవచ్చు. ఏ ఠాణా పరిధిలో జరిగిందన్న ప్రశ్నతో పనిలేకుండా దగ్గర్లో ఉన్న ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. అక్కడ ఎవరైనా ‘రేపు పాపని స్టేషన్‌కి తీసుకురండి’ అంటే, పోక్సో 24వ సెక్షన్ పేరు చెప్పి, మఫ్టీలో మహిళా అధికారినే మా ఇంటికి పంపండని అడగండి.