పైరు మీద ఎగిరే విమానం – దాని ప్రమాదాలు, వాటి కారణాలు

రామన్నపేట చుట్టుపక్కల ఏ చేనుగట్టు మీద నిలబడినా ఒక దృశ్యం మామూలుగా కనిపిస్తుంది. ఒకవైపు పత్తి, మరోవైపు బోరు కింద వరి. మధ్యమధ్య వేప, తుమ్మ, తాటి చెట్లు. వీటన్నిటి మీదుగా స్తంభం నుంచి స్తంభానికి సాగిపోయే కరెంటు తీగలు. నల్లగొండ ప్రాంతంలో నేల అడుగున గట్టి రాయి ఉంటుంది. నీరు కావాలంటే బోరు వేయాలి, బోరుకు మోటారు కావాలి, మోటారుకు తీగ కావాలి. అందుకే ఇక్కడి చేల మీద తీగలు సాలెగూడులా అల్లుకున్నాయి.

ఇప్పుడు ఒక విషయం ఊహించండి. ఇదే చేను మీద, నేలకు మూడు మీటర్ల ఎత్తున, గంటకు 160 కిలోమీటర్ల వేగంతో ఒక విమానం పురుగుమందు చల్లుకుంటూ పోవాలి. మూడు మీటర్లంటే ఇంటి పైకప్పు ఎత్తు. ఆ వేగంతో విమానం సెకనుకు 44 మీటర్లు పోతుంది. రెండు వందల మీటర్ల పొడవున్న చేను ఐదు సెకన్లు కాకముందే అయిపోతుంది. ఎదురుగా చెట్టో తీగో ఉంటే పైలట్‌కు ఆలోచించుకునే వ్యవధి ఎంత?

ప్రపంచంలో చాలా దేశాల్లో ఈ పని చేసే విమానాలున్నాయి. ప్రయాణికుల విమానం నేలకు దగ్గరగా ఉండేది ఎక్కినప్పుడూ దిగినప్పుడూ మాత్రమే. మందు చల్లే విమానం పని చేసినంతసేపూ నేలను అంటిపెట్టుకునే ఉంటుంది. దాని ప్రమాదాలన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

విమానం పొలానికి ఎలా వచ్చింది?

1921 ఆగస్టు 3న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక చిన్న ప్రయోగం జరిగింది. కటాల్పా అనే చెట్ల తోటను గొంగళిపురుగులు తినేస్తున్నాయి. జాన్ మెక్‌రెడీ అనే సైనిక పైలట్ కర్టిస్ జెన్నీ విమానంలో ఆ తోట పక్కగా ఎగిరి, సీసపు ఆర్సెనేట్ పొడిని గాలివాటున వదిలాడు. పురుగులు రాలిపోయాయి. వ్యవసాయ విమానయానం అలా మొదలైంది.

మన దేశం కూడా ఈ పనికి సొంత విమానాన్ని తయారుచేసుకుంది. బెంగుళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ రూపొందించిన ఆ విమానం పేరు ‘బసంత్’, అంటే వసంతం. మొదటి నమూనా అనుకున్నట్టు రాలేదు. ఇంజనీర్లు దాన్ని పూర్తిగా మార్చి, 400 అశ్వసామర్థ్యం గల ఇంజనుతో రెండో నమూనా చేశారు. అది 1972 మార్చి 30న మొదటిసారి ఎగిరింది. అటువంటివి 39 తయారయ్యాక, 1980లో ఉత్పత్తి ఆగిపోయింది.

మొదటి శత్రువు – తీగ

మందు చల్లే విమానాలకు గొప్ప భయం కొండ కాదు, తుఫాను కాదు, సన్నని తీగ. ఎందుకో తెలుసుకోవాలంటే ఒక చిన్న పరీక్ష చేయండి. ఒక నల్లదారాన్ని రెండు కర్రల మధ్య కట్టండి. ముప్పై అడుగుల దూరం వెళ్లి, వెనుక ఆకాశం వచ్చేలా వంగి చూడండి. దారం స్పష్టంగా కనిపిస్తుంది. ఇప్పుడు వెనుక వేపచెట్టు వచ్చేలా జరిగి చూడండి. దారం మాయమవుతుంది! దారం మారలేదు, మీ కన్ను మారలేదు. మారింది వెనుకనున్న నేపథ్యం మాత్రమే. వస్తువుకూ నేపథ్యానికీ వెలుగులో తేడా ఉంటేనే కన్ను దాన్ని వేరుచేసి పట్టుకుంటుంది.

నేల మీది మనిషి తీగను ఆకాశం ముందు చూస్తాడు. పైనుంచి వచ్చే పైలట్ అదే తీగను చెట్ల ముందు, పైరు ముందు చూడవలసి వస్తుంది. అందుకే అనుభవజ్ఞులైన పైలట్లు తీగ కోసం వెతకరు, స్తంభం కోసం వెతుకుతారు. రెండు స్తంభాలు కనిపిస్తే వాటి నడుమ తీగ ఉన్నట్టే లెక్క.

ఇంకో వింత కూడా ఉంది. ఆస్ట్రేలియాలో 2001 నుంచి 2010 వరకు విమానాలు తీగలకు తగిలిన ఘటనలు 180 నమోదయ్యాయి. వాటిలో 100 వ్యవసాయ విమానాలవే. అక్కడి రవాణా భద్రతా సంస్థ పరిశీలిస్తే, నూటికి 63 సందర్భాల్లో ఆ తీగ అక్కడ ఉందని పైలట్‌కు ముందే తెలుసునని తేలింది. తెలిసి కూడా ఎందుకు తగిలాడు? పది సార్లు తీగను తప్పించుకుని పోయాడు. పదకొండోసారి గాలి ఎటు వీస్తోంది, తొట్టిలో మందు ఎంత మిగిలింది అని ఆలోచిస్తున్నాడు. ఆ ఒక్క క్షణం తీగ మనసులోంచి జారిపోయింది. కనిపించని తీగ ఎంత ప్రమాదమో, మరిచిపోయిన తీగ అంతకంటే ప్రమాదం.

మలుపులో దాగిన లెక్క

చేను చివరికి చేరగానే విమానం పైకి లేచి, పక్కకు ఒరిగి, తిరిగి వచ్చి తర్వాతి సాలు పట్టాలి. రోజుకు ఇలాంటి మలుపులు వందల కొద్దీ ఉంటాయి. చాలా విమానాలు ఇక్కడే కూలాయి. కారణం మీ గణితపుస్తకంలోని త్రికోణమితిలోనే ఉంది.

విమానం సమంగా ఎగిరేటప్పుడు రెక్కలు పుట్టించే ఉత్థాపకబలం దాని బరువుకు సమానం. విమానం ఒరిగితే ఆ బలం కూడా ఒరుగుతుంది. అందులో నిటారుగా పైకి లాగే భాగం తగ్గిపోతుంది. ఎత్తు తగ్గకుండా ఉండాలంటే రెక్కలు మరింత బలం పుట్టించాలి. 60 డిగ్రీలు ఒరిగినప్పుడు, ఆ కోణానికి కొసైన్ విలువ సగం కాబట్టి, రెక్కల మీద భారం రెండింతలవుతుంది.

ప్రతి విమానానికీ ఒక కనీసవేగం ఉంటుంది. అంతకంటే తగ్గితే రెక్క మీద గాలి సాఫీగా పారదు, ఉత్థాపకబలం కుప్పకూలుతుంది. దీన్నే ‘స్టాల్’ అంటారు. ఉత్థాపకబలం వేగపు వర్గానికి అనులోమంగా ఉంటుంది. కాబట్టి భారం రెండింతలైతే కనీసవేగం రెండు వర్గమూలం రెట్లు, అంటే 1.41 రెట్లు పెరుగుతుంది. సమంగా ఎగిరేటప్పుడు గంటకు 100 కిలోమీటర్ల వద్ద స్టాల్ అయ్యే విమానం, 60 డిగ్రీల మలుపులో 141 కిలోమీటర్ల వద్దే స్టాల్ అవుతుంది. పైకి లేస్తున్నందువల్ల అప్పటికే దాని వేగం తగ్గుతూ ఉంటుంది! రెండు వేల మీటర్ల ఎత్తున స్టాల్ అయితే ముక్కు దించి, వేగం పుంజుకుని తేరుకోవచ్చు. ముప్పై మీటర్ల ఎత్తున తేరుకోవడానికి చోటేదీ?

ఎండ కూడా బరువే

మన మెట్ట ప్రాంతాల్లో వేసవి ఎండ మీకు తెలియనిది కాదు. వేడెక్కిన గాలి వ్యాకోచించి పలుచబడుతుంది. సముద్రమట్టానికి 400 మీటర్ల ఎత్తున్న ఊళ్లో 42 డిగ్రీల ఎండ కాస్తున్నప్పుడు గాలి సాంద్రత, మామూలు వాతావరణంలో 1400 మీటర్ల ఎత్తున ఉండే గాలికి సమానమవుతుంది. అంటే విమానం దృష్టిలో ఆ ఊరు వెయ్యి మీటర్లు పైకి లేచిందన్నమాట. పలుచని గాలిలో రెక్కకు పట్టు తగ్గుతుంది, ప్రొపెల్లరుకు పట్టు తగ్గుతుంది, ఇంజనుకు ఆక్సిజన్ తగ్గుతుంది. పైగా తొట్టి నిండా మందు. త్వరగా పని ముగించాలని తొట్టి అంచుదాకా నింపితే, తాత్కాలికపు మట్టిబాట చివర ఉన్న చెట్లను దాటలేక ఎన్నో విమానాలు నేలకూలాయి.

పైలట్‌ను పట్టే విషం

కొన్ని ప్రమాదాలకు కారణం విమానంలో కాదు, పైలట్ రక్తంలో దొరికింది. ఆర్గనోఫాస్ఫేట్ జాతి పురుగుమందులు పురుగుల నాడీమండలాన్ని స్తంభింపజేస్తాయి. మన నాడులకు కూడా అవి శత్రువులే. ఒక నాడి సందేశం అందించాక, ఆ సందేశాన్ని చెరిపివేసే ఒక ఎంజైమ్ మన శరీరంలో ఉంటుంది. ఈ మందులు ఆ ఎంజైమ్‌ను పనిచేయనివ్వవు. కంటిపాపలు కుంచించుకుపోతాయి, చూపు మసకబారుతుంది, తల తిరుగుతుంది, చేతులు వణుకుతాయి. చేలో కూర్చున్న మనిషైతే లేచి నీడకు పోవచ్చు. సెకనుకు 44 మీటర్లు పోతున్న పైలట్ ఎక్కడికి పోతాడు? అందుకే మందు కలిపే పని పైలట్ చేయకూడదనీ, అతని రక్తంలో ఆ ఎంజైమ్ మోతాదును పరీక్షించాలనీ వైద్యులు చెబుతూ వచ్చారు.

కూలకుండానే జరిగే ప్రమాదం

విమానం క్షేమంగా దిగినా ప్రమాదం జరగవచ్చు. మందు తుంపర దారి తప్పడమే ఆ ప్రమాదం. మిల్లీమీటరులో పదోవంతు ఉన్న తుంపర సెకనుకు పావు మీటరు చొప్పున దిగుతుంది. మూడు మీటర్ల ఎత్తు నుంచి నేలను చేరడానికి 12 సెకన్లు పడుతుంది. సెకనుకు రెండు మీటర్ల పిల్లగాలి వీస్తున్నా, ఈలోగా 24 మీటర్లు పక్కకు పోతుంది. మిల్లీమీటరులో నూరోవంతు తుంపరైతే దిగడానికి వెయ్యి సెకన్లు కావాలి. అది రెండు కిలోమీటర్లు పోగలదు! అంటే పక్క ఊరి బావిలోకి, బడిలోకి, పశువుల కొట్టంలోకి.

ఇది ఉత్త ఊహ కాదు. కేరళలోని కాసరగోడ్ జిల్లాలో ప్రభుత్వ ప్లాంటేషన్ సంస్థ తన జీడిమామిడి తోటల మీద హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లించింది. 1970ల చివర మొదలైన ఆ పని 2000 వరకు సాగింది. తోటల నడుమనే ఇళ్లు, వాగులు, బావులు ఉన్నాయి. అక్కడి కుటుంబాల్లో పుట్టుకతో వచ్చిన లోపాలు, నాడీజబ్బులు బయటపడ్డాయి. ప్రజలు ఏళ్ల తరబడి పోరాడారు. 2011లో సుప్రీంకోర్టు దేశమంతటా ఎండోసల్ఫాన్‌ను నిలిపివేసింది. బాధితులకు పరిహారం చెల్లించాలని 2017లో కేరళ ప్రభుత్వాన్ని ఆదేశించింది. అక్కడ ఒక్క హెలికాప్టర్ కూలకపోయినా ఎన్నో జీవితాలు కూలిపోయాయి.

ప్రమాదం నేర్పిన పాఠం

ప్రమాదాన్ని విధిరాత అని వదిలేయనివాళ్లు కూడా ఉన్నారు. హ్యూ డి హేవెన్ అనే యువకుడు 1917లో విమాన శిక్షణ పొందుతుండగా మరో విమానం ఢీకొని కూలిపోయాడు. బెల్టు బకిలు కడుపులో గుచ్చుకుని లోపలి అవయవాలు దెబ్బతిన్నాయి. ప్రాణం దక్కింది. ‘‘మనిషిని గాయపరిచింది కూలడమా, లేక విమానం లోపలి అమరికా?’’ అన్న ప్రశ్న అతణ్ణి వదల్లేదు. తర్వాత 1942లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ప్రమాద గాయాల పరిశోధన ప్రారంభించాడు.

అటువంటి పరిశోధనల సారాన్ని ఫ్రెడ్ వైక్ అనే ఇంజనీరు పొలం విమానానికి అన్వయించాడు. టెక్సస్‌లో అతను రూపొందించిన ‘ఏజీ-1’ 1950 డిసెంబరు 1న ఎగిరింది. అందులో మందుతొట్టి ముందు, పైలట్ దాని వెనుక. కూలితే ఇంజనూ తొట్టీ ముందుగా నలిగి దెబ్బను మింగుతాయి. పైలట్‌కు చుట్టూ గట్టి ఉక్కుచట్రం, భుజాల మీదుగా పట్టీలు, నలుదిక్కులా కనిపించే ఎత్తైన ఆసనం. తర్వాతి విమానాలకు ముందువైపు తీగలను తెంపే కత్తులు కూడా అమర్చారు. ఇప్పటి వ్యవసాయ విమానాలన్నీ దాదాపు ఈ పద్ధతిలోనివే.

ఇక మన చేలలో

చిన్న కమతాలు, చెట్లు, తీగలు ఉన్న మన ప్రాంతానికి పెద్ద విమానం సరిపడదు. 2020లో రాజస్థాన్ మీదికి మిడతల దండు వచ్చినప్పుడు, విశాలమైన ఎడారిలో మందు చల్లడానికి హెలికాప్టరును వాడారు. అది అక్కడికి తగిన పని. ఇక్కడ ఇప్పుడు వినిపిస్తున్నది డ్రోన్ చప్పుడు. దానికీ ఒక మంచి కారణం ఉంది. వీపున పంపు వేసుకుని పత్తికి మందు కొట్టడం కూడా ప్రాణాంతకమే. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో అలా విషం సోకి ఇరవైమందికి పైగా మరణించారు. డ్రోన్ వస్తే మనిషి మందుకు దూరంగా నిలబడవచ్చు. పైలట్ నేల మీదే ఉంటాడు.

కాని ప్రకృతి నియమాలు డ్రోన్‌ను చూసి మారవు. తీగ తీగే, గాలి గాలే. డ్రోన్‌తో ఎకరానికి సుమారు పది లీటర్ల నీటిలోనే మందు కలిపి చల్లుతారు. చేతిపంపుతో అయితే నీరు చాలా ఎక్కువ పడుతుంది. అంటే డ్రోన్ తుంపర ఎంతో చిక్కనిది, దారి తప్పితే అంత ప్రమాదకరమైనది. దాని రెక్కలు వేళ్లను తెగగొట్టగలవు. అందుకే కేంద్ర వ్యవసాయశాఖ 2021 డిసెంబరులో డ్రోన్లతో మందు చల్లడానికి నియమాలు విడుదల చేసింది.

మీ ఊళ్లో డ్రోన్ ఎగిరే రోజున మీరు చేయగల పనులున్నాయి. చేను చుట్టూ తిరిగి స్తంభాలను లెక్కపెట్టి, తీగల పటం ఒకటి గీసి పెద్దల చేతికివ్వండి. గుప్పెడు దుమ్ము వదిలి గాలి ఎటు వీస్తోందో చూడండి. అది బడివైపో, బావివైపో అయితే ఆ మాట చెప్పండి. వేడుక చూడటానికి డ్రోన్ కిందికీ, గాలి వీచే వైపుకూ పోకండి, తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ పోనివ్వకండి. తీగ ఎక్కడుందో తెలిసినవాళ్లు కూడా దాన్ని మరిచిపోతారని ఆస్ట్రేలియా లెక్కలు చెప్పాయి కదా! పక్కన నిలబడి గుర్తుచేసే మనిషి ఒకరుండటం ఎంతో మేలు. ఆ మనిషి మీరే కావచ్చు.