కారు ముందు అద్దం మార్చిన తరువాత సంరక్షణ

కారు ముందు అద్దం (విండ్‌షీల్డు) పగిలినపుడు, లేదా సరిచేయలేనంతగా బీటలు వారినపుడు దానిని తొలగించి కొత్త అద్దాన్ని అమరుస్తారు. కొత్త అద్దాన్ని వాహనానికి పట్టి ఉంచే జిగురు గట్టిపడే వరకు, ఆపైన మరికొన్ని రోజుల పాటు వాహనం విషయంలో కొన్ని జాగ్రత్తలు పాటించవలసి ఉంటుంది. అద్దం బిగించే పని సాధారణంగా గంట, రెండు గంటలలో పూర్తవుతుంది. కాని ఆ అద్దం ప్రమాద సమయంలో నిలుస్తుందా, ఊడిపోతుందా అన్నది ఎక్కువగా ఆ తరువాతి ఒకటి రెండు రోజుల మీద ఆధారపడుతుంది. భారతదేశపు మోటారు వాహన నియమాలలో ఈ అద్దాన్ని విండ్‌స్క్రీను అని వ్యవహరించారు.

అద్దం నిర్మాణం

ముందు అద్దం ఒకే పలక కాదు. సుమారు 2 మిల్లీమీటర్ల మందం గల రెండు గాజు పలకల మధ్య పాలీవినైల్ బ్యూటిరాల్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ పొరను ఉంచి, వేడిమితోను ఒత్తిడితోను మూడింటినీ ఒకటిగా అతికిస్తారు. ఈ పొర మందం సాధారణంగా 0.76 మిల్లీమీటర్లు. రాయి తగిలినపుడు గాజు పగిలినా పెంకులు పొరకే అంటుకొని ఉంటాయి, మనుషుల మీదికి చిమ్మవు. ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్త ఎడ్వార్ బెనెడిక్టస్ ఇటువంటి గాజుకు 1909లో పేటెంటు పొందాడు. ఆయన వాడిన పొర వేరు. అది ఎండకు పసుపు రంగుకు మారేది. ఇప్పటి పొర 1930వ దశకం చివరి నుండి వాడుకలోకి వచ్చింది. భారతదేశంలో కేంద్ర మోటారు వాహన నియమాలు, 1989 లోని 100వ నియమం ముందు అద్దం ఈ విధంగా పొరలు కలిగిన భద్రతా గాజుతోనే ఉండాలని నిర్దేశిస్తున్నది.

అద్దం అంచు చుట్టూ కనిపించే నల్లని పట్టీ అలంకారం కొరకు వేసినది కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు నేరుగా సోకితే వెనుక ఉన్న జిగురు క్రమంగా పాడవుతుంది. గాజుపై కాల్చి వేసిన ఆ నలుపు జిగురుకు గొడుగు వంటిది.

జిగురు పనితీరు

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి పాత కార్లలో ముందు అద్దాన్ని రబ్బరు బీడింగులో కూర్చి బిగించేవారు. అందులో ఆరవలసినది ఏమీ లేదు కనుక అద్దం మార్చిన వెంటనే బండి తీసుకొని వెళ్ళేవారు. "అద్దం బిగించాం, ఇక బయలుదేరండి" అనే అలవాటు కొన్ని చోట్ల నేటికీ మిగిలి ఉండటానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు. నేటి కార్లలో అద్దాన్ని పాలీయురెథేన్ అనే జిగురుతో ఇనుప చట్రానికి నేరుగా అతికిస్తారు. అందువలన అద్దం వాహనపు గుల్లలో ఒక భాగమై దాని బిగువుకు తోడ్పడుతుంది.

ఎక్కువగా వాడే ఏకభాగ పాలీయురెథేన్ ఆరి గట్టిపడే పదార్థం కాదు. పెయింటు వలె అందులోని ద్రవం ఆవిరై పోవడం వలన అది గట్టిపడదు. గాలిలోని తేమను పీల్చుకొని, నీటి అణువులతో రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది. తేమ బయటి నుండి లోపలికి చొచ్చుకొని పోవాలి కనుక ముందు పైపొర బిగుస్తుంది, లోపలి భాగం పచ్చిగానే ఉంటుంది. 23 డిగ్రీల సెంటీగ్రేడు ఉష్ణోగ్రత, 50 శాతం సాపేక్ష ఆర్ద్రత గల గాలిలో ఇటువంటి జిగురు రోజుకు సుమారు 3 నుండి 4 మిల్లీమీటర్ల లోతు వరకు గట్టిపడుతుంది. అద్దం కింద నలిగి పరుచుకున్న జిగురు పట్టీ వెడల్పు ఇంచుమించు ఒక సెంటీమీటరు ఉంటుంది. రెండు వైపుల నుండి తేమ అందినా నడిమి భాగం గట్టిపడటానికి ఒక రోజు దాటవచ్చు. వేలితో తాకి చూసి గట్టిపడిందని నిర్ణయించడం ఈ కారణం చేతనే పొరపాటు.

దీనిని బట్టి వాతావరణం ప్రభావం కూడా తెలుస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర ప్రాంతాలలో గాలి తేమగా ఉండటం జిగురుకు అనుకూలం. వేసవిలో అనంతపురం, కర్నూలు ప్రాంతాల పొడి గాలిలో వేడి ఎక్కువైనా తేమ చాలక గట్టిపడటం ఆలస్యం కావచ్చు. అమెరికా ఉత్తర రాష్ట్రాలలో నివసించే తెలుగువారికి చలికాలంలో వేడి, తేమ రెండూ తక్కువే. అక్కడి చలిలో సాధారణ జిగురుకు చాలా ఎక్కువ సమయం పడుతుంది. రెండు భాగాలను కలిపి వాడే జిగుర్లు గాలిలోని తేమపై అంతగా ఆధారపడవు, వేగంగా గట్టిపడతాయి, కాని ఖరీదైనవి.

బండి ఎప్పుడు నడపవచ్చు

అద్దం అమర్చిన తరువాత బండిని నడపడానికి అవసరమైన కనీస బలం జిగురుకు వచ్చే వరకు పట్టే కాలాన్ని సురక్షిత నిరీక్షణ కాలం అనవచ్చు. దీనిని జిగురు తయారీదారే నిర్ణయించి, ఉష్ణోగ్రత, తేమలను బట్టి పట్టిక రూపంలో ఇస్తాడు. కొన్ని జిగుర్లకు ఇది అరగంట, కొన్నింటికి కొన్ని గంటలు, మరి కొన్నింటికి పూర్తిగా ఒక రోజు. ఈ కాలం గడిచిందంటే జిగురు పూర్తిగా గట్టిపడిందని అర్థం కాదు. ఆ సమయంలో ప్రమాదం జరిగితే అద్దం ఊడిపోకుండా నిలువగలదని మాత్రమే అర్థం.

ఈ నిరీక్షణకు ఇంత ప్రాముఖ్యం ఉండటానికి ముఖ్య కారణం ఎయిర్‌బ్యాగు. డ్రైవరు ఎయిర్‌బ్యాగు స్టీరింగు నుండి విచ్చుకొంటుంది. పక్క సీటు ఎయిర్‌బ్యాగు మాత్రం చాలా కార్లలో డ్యాష్‌బోర్డు పైభాగం నుండి లేచి, ముందు అద్దాన్ని తాకి, దానిని ఆనుకొని ప్రయాణికుని వైపు తిరుగుతుంది. ఇదంతా కనురెప్ప పాటు కంటే తక్కువ సమయంలో జరుగుతుంది. జిగురు పచ్చిగా ఉంటే ఆ తాకిడికి అద్దమే బయటికి తోసుకొని పోవచ్చు. అపుడు ఎయిర్‌బ్యాగు ఆనుకోవడానికి ఏమీ మిగలదు, అది ప్రయాణికుని ముందు నిలువదు. సీటు బెల్టు పెట్టుకోని వారు ఆ ఖాళీ గుండా బయటికి విసరబడే ప్రమాదం కూడా ఉంటుంది. భారతదేశంలో కొత్త కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జూలై నుండి, పక్క సీటు ఎయిర్‌బ్యాగు 2021 నుండి తప్పనిసరి అయ్యాయి. కనుక ఈ విషయం ఇపుడు ఖరీదైన కార్లకు మాత్రమే పరిమితమైనది కాదు.

అమెరికాలో 212వ సంఖ్య గల సమాఖ్య మోటారు వాహన భద్రతా ప్రమాణం ప్రకారం గంటకు సుమారు 48 కిలోమీటర్ల వేగంతో కారును అడ్డుగోడకు ఢీకొట్టించి అద్దం నిలిచిందా లేదా అని చూస్తారు. ఎయిర్‌బ్యాగులు వంటి రక్షణ గల కార్లలో అద్దపు అంచు ఎడమ వైపు సగం, కుడి వైపు సగం చట్రానికి అంటుకొని ఉండాలి. జిగురు తయారీదారులు చాలామంది తమ నిరీక్షణ కాలాన్ని లెక్కించడానికి ఈ ప్రమాణాన్నే ఆధారంగా తీసుకొంటారు.

అందువలన బండి తీసుకొనేటపుడు వాడిన జిగురు పేరు, దాని గడువు తేదీ, ఆనాటి వాతావరణానికి వర్తించే నిరీక్షణ కాలం అడిగి బిల్లుపై రాయించుకోవడం మంచిది. అడిగినందుకు విసుగు చూపే చోట పని చేయించుకోకపోవడమే మేలు.

మొదటి రెండు రోజులు

తలుపులను గట్టిగా వేయరాదు. అన్ని కిటికీలు మూసి ఉన్న కారులో తలుపును విసురుగా వేస్తే లోపలి గాలి ఒక్కసారిగా ఒత్తుకొని అద్దాన్ని బయటికి నెడుతుంది. చెవులకు తెలిసే ఆ ఒత్తిడి పచ్చి జిగురులో సన్నని సందులు కల్పించగలదు. నీరు కారడం, గాలి చప్పుడు రావడం తరచుగా ఈ సందుల నుండే మొదలవుతాయి. ఒక కిటికీని ఒకటి రెండు సెంటీమీటర్లు దించి ఉంచితే గాలికి దారి దొరుకుతుంది. ఎండలో నిలిపిన కారులో వేడెక్కిన గాలి వ్యాకోచించినా ఇదే దారి పనికి వస్తుంది. ఇంట్లో పిల్లలకు, బండి తుడిచేవారికి కూడా ఈ సంగతి చెప్పి ఉంచాలి. యజమాని ఎంత జాగ్రత్తగా ఉన్నా తలుపు వేసేది ఎపుడూ ఆయన ఒక్కడే కాదు.

అద్దం పైఅంచున అతికించిన టేపు చూడటానికి బాగుండకపోయినా ఒక రోజు వరకు తీయరాదు. అది అద్దాన్ని మోయదు, కాని అంచు పట్టీలు లేవకుండాను, అద్దం కిందికి జారకుండాను తోడ్పడుతుంది.

వాన విషయంలో ఒక అపోహ ఉంది. కొత్త అద్దంపై వాన పడితే జిగురు కరిగిపోతుందని చాలామంది భయపడతారు. జిగురు గట్టిపడటానికి తేమే కావాలి కనుక, అద్దం అమర్చడం పూర్తయిన తరువాత పడే సాధారణ వాన వలన హాని లేదు. హాని కలిగేది అద్దం అమర్చే సమయంలో చట్రం తడిసి ఉంటే. తడి అంచుపై ప్రైమరు గాని జిగురు గాని సరిగా పట్టదు. వర్షాకాలంలో ఇంటి ముందు, రోడ్డు పక్కన అద్దం మార్పించుకొనే వారు పైన కప్పు ఉన్న చోటు చూసుకోవాలి. వాటరు సర్వీసింగు సంగతి వేరు. అధిక పీడనంతో వచ్చే నీటి ధార అంచు పట్టీలను లేపి జిగురును తొలచగలదు. కనీసం రెండు రోజులు దాని జోలికి పోరాదు. దసరా ఆయుధ పూజకు ముందు అద్దం మార్పించిన వారు బండిని బకెట్టు నీటితో, గుడ్డతో కడుక్కోవడం మేలు.

గతుకుల దారిలో, ఎత్తైన స్పీడు బ్రేకర్లపై వాహనపు గుల్ల కొద్దిగా మెలి తిరుగుతుంది. జాకీ పెట్టి ఒక మూల ఎత్తినపుడు కూడా అంతే. చేలగట్ల దారులు, టైరు మార్పిళ్ళు వీలైతే వాయిదా వేసుకోవాలి. హైవేపై అతివేగమూ మొదటి రోజున తగదు.

ఎండలో కాలిన అద్దంపై చల్లని నీరు కుమ్మరించడం, ఏసీ గాలిని పూర్తి వేగంతో అద్దం వైపు తిప్పడం కొత్త అద్దానికే కాదు, ఏ అద్దానికీ మంచిది కాదు.

పని సరిగా జరిగిందో లేదో తెలుసుకోవడం

రెండు రోజుల తరువాత ఒకరు లోపల కూర్చొని, మరొకరు సాధారణ గొట్టంతో ఒత్తిడి లేకుండా పైఅంచు నుండి నీరు పోస్తే కారుడు బయటపడుతుంది. నీరు ఎపుడూ అద్దంపైనే కనిపించదు. కప్పు లోపలి గుడ్డ మూలల్లో మరక పడటం, కాళ్ళ కింది కార్పెట్టు చెమ్మగిల్లడం, ముక్క వాసన రావడం కూడా కారుడుకు గుర్తులే. డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజుల పెట్టె ఉన్న కార్లలో ఈ నీరు విద్యుత్ లోపాలకు దారి తీస్తుంది. వేగం పెరిగిన కొద్దీ ఈల వంటి చప్పుడు వస్తే అంచు పట్టీ సరిగా కూర్చోలేదని గాని, జిగురులో ఖాళీ ఉందని గాని భావించాలి.

ఇటువంటి సందర్భాలలో కొందరు సందులోకి సిలికోన్ పూసి పంపిస్తారు. ఇది సరైన చికిత్స కాదు. సిలికోన్ నీటిని కొంతకాలం ఆపగలదు గాని అద్దాన్ని పట్టి ఉంచే బలం దానికి లేదు. పైగా ఒకసారి సిలికోన్ అంటిన చోట పాలీయురెథేన్ సరిగా అతకదు కనుక తరువాత చేయవలసిన అసలు మరమ్మతు మరింత కష్టమవుతుంది.

కంటికి కనబడని లోపం తుప్పు. పాత అద్దాన్ని కోసి తీసేటపుడు చట్రంపై రంగు గీరుకుపోతే, ఆ గీతలకు ప్రైమరు పూసిన తరువాతనే కొత్త జిగురు వేయాలి. అలా చేయకపోతే జిగురు కిందనే తుప్పు పుట్టి పాకుతుంది. ఉప్పు గాలి వీచే తీర ప్రాంతాలలో ఇది త్వరగా జరుగుతుంది. కొన్నేళ్ళ తరువాత మళ్ళీ అద్దం తీసినపుడు గాని ఈ సంగతి తెలియదు. అప్పటికి జిగురు ఇనుమును కాక తుప్పును పట్టుకొని ఉంటుంది. పని జరుగుతున్నపుడు దగ్గర ఉండి చూడటం ఒక్కటే దీనికి మార్గం.

అద్దంతో ముడిపడిన పరికరాలు

పగిలిన అద్దపు నలుసులు ఏసీ గాలి రంధ్రాలలోను, వైపరు రబ్బరులోను చిక్కుకొని ఉంటాయి. పాత వైపర్లు మొదటి వానలోనే కొత్త అద్దంపై వలయాకారపు గీతలు వేస్తాయి. రబ్బరును శుభ్రం చేయాలి, లేదా మార్చాలి. గాలి రంధ్రాలను వాక్యూమ్‌తో శుభ్రం చేసిన తరువాతనే బ్లోయరు వేయాలి.

భారతదేశంలో టోలు చెల్లింపుకు 2021 ఫిబ్రవరి నుండి తప్పనిసరి అయిన ఫాస్టాగ్ ముందు అద్దం లోపలి వైపున అతికించబడి ఉంటుంది. దానిని ఊడదీసి కొత్త అద్దానికి అతికిస్తే పనిచేయదు, లోపలి సన్నని యాంటెనా తెగిపోతుంది. జారీ చేసిన బ్యాంకు నుండి బదులు ట్యాగు తీసుకోవాలి. ఈ సంగతి మరచి ప్రయాణమైన వారికి టోలు గేటు వద్ద అదనపు రుసుము తప్పదు.

అద్దం వెనుక కెమెరా గల కార్లలో మరింత జాగ్రత్త అవసరం. 2021లో విడుదలైన మహీంద్రా ఎక్స్‌యూవీ700 వంటి కార్లలో ఈ కెమెరా దారి గీతలను, ముందు వాహనాలను గుర్తించి అవసరమైతే బ్రేకు వేయిస్తుంది. అద్దం మారినపుడు కెమెరా చూపు ఒక డిగ్రీ పక్కకు తిరిగితే 100 మీటర్ల దూరంలో అది సుమారు 1.75 మీటర్ల తేడా అవుతుంది, అంటే ఇంచుమించు ఒక కారు వెడల్పు. అందుచేత తయారీదారు చెప్పిన పద్ధతిలో కెమెరాను తిరిగి సరిచూడాలి. కొన్నింటికి గుర్తుల పలకలను ఎదురుగా నిలిపి, కొన్నింటికి రోడ్డుపై నడిపి, కొన్నింటికి రెండు విధాలా ఈ పని చేస్తారు. హెచ్చరిక దీపం వెలగలేదు కనుక అంతా సవ్యంగా ఉన్నదనుకోరాదు. దేవుని బొమ్మలు, ఫోను స్టాండులు, నిమ్మకాయ మిరపకాయల దండలు కెమెరా ముందుకు రాకుండా చూసుకోవాలి. వాన సెన్సారు గల కార్లలో దానికి, గాజుకు మధ్య ఉండే జెల్ పొరలో గాలి బుడగలు మిగిలితే వైపర్లు వాన లేకుండానే కదులుతాయి, లేదా వానలో కదలవు.

కొత్త అద్దానికి ఫిల్ము అతికించాలనుకొనే వారు 100వ నియమాన్ని గుర్తుంచుకోవాలి. ముందు అద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు ప్రసరించాలి. 2012లో సుప్రీంకోర్టు ఫిల్ముల వాడకాన్ని నిషేధించింది. ఆ తరువాత సవరించిన నియమాన్ని బట్టి, నిర్ణీత పారదర్శకతకు లోబడిన ఫిల్ములు వాడవచ్చునని 2024లో కేరళ హైకోర్టు తీర్పు చెప్పింది. చట్టం ఎటున్నా, జిగురు గట్టిపడక ముందు ఫిల్ము పనివారు అంచులను నొక్కడం, నీరు చల్లడం తగదు.

బీమా

భారతదేశంలోని సమగ్ర వాహన బీమాలో గాజు భాగాలకు తరుగుదల మినహాయించరు. అయినా పాలసీలోని తప్పనిసరి మినహాయింపు సొమ్మును యజమానే భరించాలి. ప్రత్యేక రక్షణ తీసుకోనిదే క్లెయిము వలన నో క్లెయిమ్ బోనసు పోతుంది. కెమెరాను సరిచూసే ఖర్చు అద్దం ఖరీదులో కలిసి ఉండకపోవచ్చు కనుక, పని మొదలుపెట్టక ముందే అది అంచనా పత్రంలో చేరిందో లేదో చూసుకోవాలి. బిల్లును, జిగురు వివరాలను దాచి ఉంచితే తరువాత నీరు కారినపుడు వారంటీ కింద తిరిగి పని చేయించుకోవడానికి ఉపయోగపడతాయి.