శిథిల భవనాలపై నోటీసులు - చట్టం ఏమి చెబుతున్నది

నైరుతి ఋతుపవనాలు ప్రవేశించే ముందు నగరపాలక, పురపాలక సంస్థలు తమ పరిధిలోని శిథిల భవనాలను గుర్తించి, వాటి యజమానులకు నోటీసులు జారీ చేయడం ఆనవాయితీగా వస్తున్నది. ఎన్ని నోటీసులు ఇచ్చారు, ఎన్నింటిని కూల్చారు, ఎన్నింటిని ఖాళీ చేయించారు అనే అంకెలు పత్రికలలో వెలువడుతుంటాయి. అయితే ఆ నోటీసులో ఏమి ఉండాలి, దానిని అందుకున్న యజమాని ఏమి చేయాలి, ఆ ఇంట్లో అద్దెకు ఉన్నవారి హక్కు ఏమవుతుంది అన్న విషయాలపై ప్రజలలోనే గాక, కొన్ని సందర్భాలలో కింది స్థాయి సిబ్బందిలో సైతం స్పష్టత కొరవడుతున్నది. ఫలితంగా గోడకు అంటించిన నోటీసు వానకు తడిసి ఊడిపోతుంది. ఇంట్లోని వారు కదలరు. మరుసటి వేసవిలో అదే ఇంటికి అదే నోటీసు మళ్ళీ వెళుతుంది.

2013 జూలై 8వ తేదీ ఉదయం సికింద్రాబాద్ ఆర్.పి. రోడ్డులో ఒక పాత హోటల్ భవనం కుప్పకూలి పదిమందికి పైగా మరణించారు. ఇటువంటి ప్రమాదాలలో మరణించేవారు ఆ భవనానికి యజమానులే కానవసరం లేదు. శిథిల భవనం విషయంలో చట్టం కలుగజేసుకోవడానికి కారణం ఇదే. సొంత ఆస్తిని ఎలా ఉంచుకోవాలన్నది యజమాని ఇష్టమే అయినా, అందులో నివసించేవారు, అక్కడికి వచ్చిపోయేవారు, దాని పక్కగా నడిచిపోయేవారి ప్రాణాలు ఆ ఇష్టానికి లోబడి ఉండజాలవు.

హైదరాబాద్ మహానగరానికి వర్తించే 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ చట్టంలోని 456వ సెక్షన్ ఈ విషయంలో మూలాధారం. విశాఖపట్నం నగరపాలక సంస్థకు 1979లోను, విజయవాడకు 1981లోను చేసిన చట్టాలు ఈ చట్టంలోని నిబంధనలనే ఆ నగరాలకు వర్తింపజేశాయి. ఇతర నగరపాలక సంస్థలకు 1994 నాటి చట్టం ద్వారా ఇవి వర్తించాయి. కనుక ఇక్కడ చెప్పే విషయం ఒక్క హైదరాబాద్‌కే పరిమితమైనది కాదు. పురపాలక సంఘాలకు మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో 1965 చట్టం, తెలంగాణలో 2019 చట్టం వేరుగా ఉన్నాయి.

ఈ సెక్షన్‌లో వాడిన 'కట్టడం' అనే మాటకు చాలా విస్తృతమైన అర్థం ఉన్నది. భవనం మాత్రమే గాక గోడ, పిట్టగోడ, మెట్లు, కటకటాలు, తలుపుల చట్రాలు, పైకప్పు, భవనానికి తగిలించినవి, భవనం నుండి ముందుకు పొడుచుకు వచ్చినవి అన్నీ దీని పరిధిలోకి వస్తాయి. అంటే ఊగుతున్న సన్‌షేడు, ఒరిగిన బాల్కనీ, తుప్పు పట్టిన హోర్డింగు చట్రం సైతం నోటీసుకు అర్హమైనవే. భవనం మొత్తం పడిపోయే స్థితికి వచ్చే వరకు వేచి ఉండనవసరం లేదు. 2020 అక్టోబరు నాటి కుండపోత వర్షాలలో పాతబస్తీ చివరనున్న బండ్లగూడ ప్రాంతంలో గోడ కూలి ఇళ్ళపై పడిన ఘటనలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. శిథిల భవనాల జాబితాలు తయారుచేసేటప్పుడు ప్రహరీలు, గుట్టల అంచున కట్టిన ఆధార గోడలు సాధారణంగా లెక్కలోకి రావు. చట్టం వాటిని విడిచిపెట్టలేదు, జాబితాలే విడిచిపెడుతున్నాయి.

కట్టడం శిథిలమైనదని, లేదా కూలిపోయే అవకాశం ఉన్నదని, లేదా అందులో ఉండేవారికి, వచ్చిపోయేవారికి, ఇరుగుపొరుగులకు ప్రమాదకరమని కమిషనర్‌కు తోచినపుడు యజమానికి గాని, అందులో నివాసం ఉన్నవారికి గాని లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వవచ్చు. కూల్చివేయడం, పటిష్ఠపరచడం, తొలగించడం, మరమ్మతు చేయడం - ఈ నాలుగింటిలో ఒకటి గాని, అంతకు మించి గాని చేయవలసిందిగా ఆదేశించవచ్చు. బాటసారుల రక్షణ కోసం ముందుగా కంచె గాని, అడ్డుకట్ట గాని ఏర్పాటు చేయమని కోరవచ్చు. ప్రమాదం ముంచుకొచ్చినపుడు నోటీసు గడువు ముగిసే వరకు ఆగకుండా అధికారులే రక్షణ చర్యలు చేపట్టి, ఖర్చును బాధ్యుల నుండి రాబట్టుకునే వీలు కూడా ఉన్నది.

నాలుగు మార్గాలను చట్టం వేరువేరుగా పేర్కొనడం ఊరక చేసినది కాదు. 'మీ భవనం శిథిలావస్థలో ఉన్నందున వెంటనే తగు చర్య తీసుకొనవలెను' అని ఒక్క వాక్యంతో ముగిసే నోటీసు ఎవరికీ ఉపకరించదు. ఏ అంతస్తులో, ఏ భాగంలో, ఏ లోపం కనిపించింది, దానికి నాలుగింటిలో ఏది చేయాలి, ఎన్ని రోజులలో చేయాలి అన్నది రాసినపుడే యజమానికి పని తెలుస్తుంది, న్యాయస్థానంలో నోటీసు నిలబడుతుంది. పడమటి బాల్కనీని తొలగిస్తే సరిపోయే ఇంటికి ఇల్లంతా కూల్చమని నోటీసు ఇస్తే, యజమాని స్టే కోసం న్యాయస్థానాన్ని ఆశ్రయిస్తాడు. ఆ వ్యాజ్యం తేలే వరకు ఆ బాల్కనీ రోడ్డుపై వేలాడుతూనే ఉంటుంది.

భవనం వయస్సును మాత్రమే చూసి శిథిలమైనదని నిర్ణయించడం సరికాదు. డంగు సున్నం, రాయితో కట్టి నూరేళ్ళు దాటిన కట్టడాలు హైదరాబాద్‌లో నేటికీ దృఢంగా ఉన్నాయి. ముప్పై నలభై ఏళ్ళ నాటి సిమెంటు స్లాబులు పెచ్చులూడి, కడ్డీలు బయటపడి కనిపిస్తున్నాయి. కాంక్రీటులోకి గాలి, తేమ చొరబడినకొద్దీ లోపలి ఇనుముకు ఉండే సహజ రక్షణ తగ్గి తుప్పు మొదలవుతుంది. తుప్పు తాను తినివేసిన ఇనుము కంటే రెండు నుండి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు కడ్డీ వెంబడి బీట వారి, పెచ్చులుగా రాలుతుంది. అందుచేత కడ్డీ పొడవునా సాగిన పగులును, గోడపై సున్నం ఆరినప్పుడు వచ్చే సన్నని వెంట్రుక గీతలను ఒకే గాటన కట్టరాదు. పెచ్చులూడిన చోట పైపైన సిమెంటు పూసి రంగు వేయడం రోగం దాచడమే తప్ప వైద్యం కాదు.

పాత మిద్దెలలో పరిస్థితి వేరు. కర్ర దూలాల చివరలు గోడలోకి చొచ్చుకుపోయిన చోట తేమ నిలిచి పుచ్చిపోతాయి. బయటకు కనిపించే భాగం మాత్రం గట్టిగానే ఉంటుంది. గోడ సందులలో మొలిచిన రావి, మర్రి మొక్కలను పైకి కోసి వదిలివేస్తే వేళ్ళు లోపల పెరుగుతూనే ఉంటాయి. వీటికి తోడు మనుషులు చేర్చే భారం ఒకటి ఉన్నది. వెయ్యి లీటర్ల నీటి ట్యాంకు నిండితే నీటి బరువే ఒక టన్ను. పాత మిద్దెపై ఇటువంటివి రెండు మూడు పెట్టడం, కింది అంతస్తులో దుకాణం వెడల్పు చేయడానికి బరువు మోసే గోడను తొలగించడం, పక్క స్థలంలో సెల్లారు కోసం పునాది అంచు వరకు తవ్వడం - అంతవరకు నిలబడిన కట్టడాన్ని ప్రమాదంలోకి నెట్టేవి ఎక్కువగా ఇవే. తనిఖీకి వెళ్ళిన సిబ్బంది ఇంటిని చూసినంత శ్రద్ధగా పక్క స్థలాన్ని కూడా చూడవలసి ఉంటుంది.

కంటితో చూసి తేల్చలేని సందర్భాలలో స్ట్రక్చరల్ ఇంజినీరు పరీక్షలు అవసరమవుతాయి. కాంక్రీటు గుండా అల్ట్రాసోనిక్ తరంగాలను పంపి వాటి వేగాన్ని కొలిచే పరీక్ష వీటిలో ఒకటి. ఆ వేగం సెకనుకు 3 కిలోమీటర్ల కంటే తగ్గితే కాంక్రీటు నాణ్యతను అనుమానించవలసిందే. ముంబయి మునిసిపల్ చట్టంలోని 353-బి సెక్షన్ 30 ఏళ్ళు దాటిన భవనాల యజమానులే నమోదిత ఇంజినీరు చేత పరీక్ష చేయించి ధ్రువపత్రం సమర్పించాలని నిర్దేశిస్తున్నది. అధికారి వచ్చి చూసే వరకు ఆగకుండా, తన భవనం క్షేమంగా ఉన్నదని నిరూపించే భారాన్ని యజమానిపైనే ఉంచిన ఆ పద్ధతి పరిశీలించదగినది.

ఇక ఖాళీ చేయించే విషయం. మరమ్మతు నోటీసు, ఖాళీ చేయమనే నోటీసు ఒకటి కావు. రెండవది 459వ సెక్షన్ కిందకు వస్తుంది. శిథిలమైన, ప్రమాదకరమైన భవనాన్ని గాని, అందులో ఒక భాగాన్ని గాని ఖాళీ చేయవలసిందిగా కమిషనర్ ఆదేశించవచ్చు. కారణాలను నోటీసులో స్పష్టంగా తెలపాలి. వినని పక్షంలో పోలీసు సహాయంతో ఖాళీ చేయించవచ్చు. 456వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చిన ప్రతి ఇంటిని 'ఖాళీ చేయిస్తున్న ఇల్లు' అని వార్తలలో రాయడం వల్ల అనవసరమైన భయాందోళనలు కలుగుతున్నాయి. పత్రికా ప్రతినిధులు నోటీసు ఏ సెక్షన్ కింద ఇచ్చారో అడిగి తెలుసుకోవడం మంచిది.

అద్దెదారులు కదలకపోవడానికి అసలు కారణం ప్రాణంపై నిర్లక్ష్యం కాదు. ఒకసారి గడప దాటితే మళ్ళీ లోపలికి రానివ్వరన్న భయం. నలభై యాభై ఏళ్ళుగా తక్కువ అద్దెకు ఒకే దుకాణంలో ఉన్నవారికి ఆ భయం మరింత ఎక్కువ. ఆ అద్దె మరమ్మతులకు సైతం చాలదని యజమాని వాదన. కొందరు యజమానులు వానకు కూలితే పీడ విరగడవుతుందని మరమ్మతులు మానివేయడం, కొందరు అద్దెదారులు శిథిల భవనమని తెలిసీ కోర్టు స్టేను అడ్డుపెట్టుకుని అక్కడే ఉండిపోవడం రెండూ అధికారుల అనుభవంలో ఉన్నవే.

ఈ భయానికి చట్టంలో సమాధానం ఉన్నది. మునిసిపల్ నోటీసు ప్రకారం భవనాన్ని కూల్చివేసినంత మాత్రాన అద్దె హక్కు అంతరించదని 2014లో సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం తీర్పు చెప్పింది. మహారాష్ట్రలోని సాంగ్లీలో శిథిలమైన భవనాన్ని నగరపాలక సంస్థ కూల్చివేసిన ఉదంతంలో ఆ వివాదం తలెత్తింది. అద్దె హక్కు కట్టడానికే గాక దాని కింది భూమికి కూడా సంబంధించినది కనుక, కట్టడం పోయినా హక్కు మిగిలే ఉంటుందని ధర్మాసనం భావించింది. అంతకుముందు 2000లో ఇందుకు భిన్నమైన తీర్పు ఉండేది. ఆ పాత తీర్పును ఉటంకిస్తూ అద్దెదారులకు నచ్చజెప్పడం ఇకపై కుదరదు.

తెలంగాణలో అమలులో ఉన్న 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తించే భవనాల విషయంలో 12వ సెక్షన్ కూడా గమనించదగినది. ఇల్లు ఖాళీ చేయనిదే సాధ్యం కాని మరమ్మతుల కోసం యజమాని కంట్రోలర్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. పని పూర్తయ్యాక అదే అద్దెదారుకు తిరిగి ఇస్తానని హామీ ఇవ్వవలసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో దీని స్థానంలో 2017లో కొత్త చట్టం వచ్చింది. యజమాని తాను చేయించవలసిన మరమ్మతులను నోటీసు ఇచ్చినా చేయించకపోతే అద్దెదారే చేయించుకుని, ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకునే వీలును 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ కల్పిస్తున్నది. ఈ నిబంధనను వినియోగించుకునేవారు అరుదు. ఖర్చు వివరాలు, ముందుగా ఇచ్చిన నోటీసు నకలు, పనికి ముందు తీసిన ఛాయాచిత్రాలు దగ్గర ఉంచుకుంటే తర్వాత వివాదానికి తావుండదు.

ఆచరణలో అధికారులు చేయదగినది ఒకటి ఉన్నది. ఖాళీ చేయించే రోజునే పంచనామా జరిపి, ఎవరు ఏ గదిలో, ఎంత విస్తీర్ణంలో, ఎంత అద్దెకు ఉన్నారో నమోదు చేసి, ఇరుపక్షాల సంతకాలు తీసుకుని, నకలు అద్దెదారుకు ఇవ్వడం. దీనికి కొత్త ఉత్తర్వులు అక్కరలేదు, ఒక పూట పని. హక్కుకు రుజువు చేతిలో ఉన్నవారు ప్రమాదం నుండి బయటకు రావడానికి అంతగా వెనుకాడరు.

వారసులు పలువురై, కొందరు విదేశాలలో ఉండి, ఎవరికి నోటీసు ఇవ్వాలో తెలియని ఇళ్ళు పాత పేటలలో చాలా ఉన్నాయి. నివాసం ఉన్నవారికి నోటీసు ఇచ్చినా చెల్లుతుంది గనుక, వారసత్వ వివాదం తేలలేదన్న కారణంతో ఫైలు పక్కన పెట్టనవసరం లేదు.

అపార్ట్‌మెంట్ల విషయంలో ఉమ్మడి భాగాల నిర్వహణ యజమానుల సంఘం బాధ్యత; ఆ ఖర్చులో ప్రతి ఫ్లాటు యజమానికి వాటా ఉంటుంది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం వర్తించే కొత్త భవనాలలో స్వాధీనం చేసిన నాటి నుండి అయిదేళ్ళలోపు నిర్మాణ లోపం బయటపడితే, తెలియజేసిన 30 రోజులలో బిల్డరు ఉచితంగా సరిచేయాలి. స్లాబు నుండి నీరు కారడం మొదలైన రోజునే లిఖితపూర్వకంగా తెలియజేయడం సంఘాలకు శ్రేయస్కరం.

వారసత్వ కట్టడాలకు ఈ నియమాల నుండి మినహాయింపు లేదు గాని, వాటి విషయంలో కూల్చివేత తేలికగా చేపట్టదగిన మార్గం కాదు. తెలంగాణలో 2017 నాటి వారసత్వ పరిరక్షణ చట్టాన్ని దృష్టిలో ఉంచుకుని పటిష్ఠపరచడం వైపు మొగ్గవలసి ఉంటుంది. ప్రభుత్వ భవనాలు కూడా ఈ సమస్యకు అతీతం కావు. 2020 జూలైలో వర్షపు నీరు చేరడంతో ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం నుండి రోగులను తరలించి, ఆ భవనాన్ని మూసివేయవలసి వచ్చింది. కొత్త ఆసుపత్రి భవన సముదాయానికి 2025 జనవరిలో గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది.

వర్షాలకు సంబంధించి తరచూ విస్మరించే విషయం ఒకటి. పాత గోడలు కుండపోత కురుస్తున్నప్పుడే కూలాలని లేదు. మట్టి, సున్నంతో కట్టిన గోడలు నీరు పీల్చుకుని బరువెక్కి, బలం కోల్పోయి, వాన వెలిసిన మరునాడో ఆ మరునాడో కూలుతుంటాయి. అందుచేత తాత్కాలికంగా ఖాళీ చేయించిన కుటుంబాలను ఎండ కాసిందని వెంటనే తిరిగి పంపకుండా, ఇంజినీరు మరొకసారి గోడలను, దూలాల చివరలను పరిశీలించి లిఖితపూర్వకంగా తెలిపిన పిమ్మటే లోపలికి అనుమతించవలసి ఉంటుంది.