బియ్యపు సంచికి వెల కట్టుట ఎట్లు?

ధాన్యము పండించుటయందు మొవ్వ ప్రాంతపు రైతునకు ఒకరు నేర్పవలసినది లేదు. కాని ఆ ధాన్యమును మర పట్టించి, సంచుల కెత్తి, తన పేరున బియ్యముగా అమ్మదలచిన దినమున అతడు సరకు తయారుచేయు వర్తకుడు కూడ నగుచున్నాడు. అప్పుడు సేద్యపు నేర్పు చాలదు, లెక్క కావలయును.

సాధారణముగా జరుగుచున్న దేమి? గుడివాడలోనో బందరులోనో అంగడివాడు చెప్పిన వెల విని, దానికి ఒకటి రెండు రూపాయలు తగ్గించి మనము వెల నిర్ణయింతుము. అది ఊహయే గాని లెక్క కాదు.

1986లో బాపట్ల పరిశోధన స్థానమునుండి వెలువడిన సాంబమసూరినే తీసికొందము. 2025–26 సంవత్సరమునకు ఏ-గ్రేడు ధాన్యపు మద్దతు ధర క్వింటాలుకు రూ. 2,389. ధాన్యము సొంతమైనను ఈ మొత్తమును ఖర్చుగా వ్రాయవలయును. ఏలయన, ఆ ధరకు అమ్ముకొను అవకాశమును మనము వదలుకొనుచున్నాము. మిగిలిన అంకెలు ఉదాహరణకు వేసినవి. ఎవరివి వారు సరిచూచుకొనవలయును.

ధాన్యము వెల — రూ. 2,389
ఆరబోత, శుభ్రము, మరకు తోలుబడి — రూ. 90
మర కూలి — రూ. 150
ఆరు నెలల నిలువకు ఏటికి నూటికి 12 చొప్పున వడ్డీ — రూ. 143
నిలువలో తరుగు — రూ. 48
సంచులు, కుట్టు — రూ. 55
పట్టణమునకు రవాణా — రూ. 110
ఇంటివారి శ్రమ — రూ. 150
మొత్తము — రూ. 3,135

క్వింటాలుకు 55 కిలోల మంచి బియ్యము, 12 కిలోల నూకలు దిగిన వనుకొందము. నూకలకు రూ. 300, తవుడుకు రూ. 140 వచ్చినచో నికర వ్యయము రూ. 2,695. కిలోకు రూ. 49 పడినది.

ధాన్యమును, మర కూలిని మాత్రమే లెక్కించువానికి ఇది రూ. 46గా తోచును. అతడు రూ. 48కి అమ్మి లాభము వచ్చినదని సంతసించును. నిజమునకు కిలోకు రూపాయి నష్టము. నూరు క్వింటాళ్లకు రూ. 5,500. ధాన్యమును కళ్లములోనే అమ్మిన పొరుగువాడు అతనికంటె సుఖపడినట్లే.

అంగడివానికి నూటికి పది కమిషను ఇయ్యవలసివచ్చిన మరియొక పొరపాటు పొంచియుండును. 49కి పదవ వంతు కలిపి రూ. 53.90 అని వెల వేయుదుము. కమిషను అమ్మకపు వెలమీద పోవును గనుక చేతికి వచ్చునది రూ. 48.51 మాత్రమే. కావున 49ని 90 చేత భాగించి, 100 చేత హెచ్చింపవలయును, రూ. 54.44 వచ్చును. లాభము దీనికి పైమాట.

సంచి పరిమాణమును గూడ ముందే యోచింపవలయును. 2022 జూలై 18 మొదలు, 25 కిలోలకు మించని ముద్రిత సంచులలోని బియ్యముపై నూటికి 5 వంతున జి.ఎస్.టి. విధింపబడినది. అంగళ్లలో 26 కిలోల సంచులు కానవచ్చుటకు కారణ మిదియే.

రూ. 12,000 పెట్టి సంచులు కుట్టు యంత్రమును కొన్న యెడల, నూరు సంచులే అమ్మువానికి సంచికి రూ. 120 భారము, మూడువేల సంచులు అమ్మువానికి రూ. 4 మాత్రమే. ఒంటరి రైతు మోయలేని ఈ భారమును సంఘముగా పంచుకొన్నచో తేలికయగును.

బజారు రూ. 54 ఇయ్యనిచో నష్టమునకు అమ్మరాదు. ఖర్చులలో ఏది తగ్గునో వెదకవలయును. తగ్గనిచో ఆ ఏడు ధాన్యముగానే అమ్ముట మేలు. ఈ తీర్పు సంచులు కొనుటకు పూర్వమే, కాగితముమీద కావలయును.