మెదడులో లయ మారితేనే జ్ఞాపకం నిలుస్తుందా?

రాత్రి చదువుకున్న పద్యం, హాయిగా నిద్రపోతే పొద్దున్నే చక్కగా గుర్తుకొస్తుంది. ఎందుకు?

మెదడు లోపల, చెవుల వరుసలో, హిప్పోక్యాంపస్ అనే భాగం ఉంది. కొత్త జ్ఞాపకాలు ఏర్పడటానికి అది తప్పనిసరి. అక్కడి నాడీకణాలు ఎవరికి వారుగా కాకుండా ఒక లయలో కలిసి పనిచేస్తాయి. ఎలుక కొత్తచోట తిరుగుతుంటే ఆ లయ సెకనుకు సుమారు 6 నుంచి 10 సార్లు లేచి పడుతుంది. దీని పేరు థీటా.

ఈ లయ వెనుక అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఉంది. మనం శ్రద్ధగా వింటున్నప్పుడు ఇది మెదడులో పెరుగుతుంది. కొత్త సంగతులకు దారి ఇస్తుంది, పాత జ్ఞాపకాలు అడ్డురాకుండా కాస్త అణచి ఉంచుతుంది.

అసలు అద్భుతం గాఢనిద్రలో జరుగుతుంది. అప్పుడు అసిటైల్‌కోలిన్ బాగా తగ్గిపోతుంది. థీటా ఆగి, రెప్పపాటు కన్నా తక్కువసేపు ఉండే చురుకైన అలలు మొదలవుతాయి. పగలు పనిచేసిన కణాలే అదే వరుసలో, ఎన్నో రెట్లు వేగంగా మళ్లీ స్పందిస్తాయి. ఆ సమాచారం మెదడు పైపొరకు చేరి అక్కడ స్థిరపడుతుంది.

మరి ఆ రసాయనం తగ్గకపోతే? జర్మనీ శాస్త్రవేత్తలు 2004లో ఇది పరీక్షించారు. కొందరికి పదాల జంటలు, అద్దంలో చూస్తూ బొమ్మ గీయడం నేర్పి, నిద్రలో అసిటైల్‌కోలిన్ తగ్గకుండా మందు ఇచ్చారు. నిద్ర లేచాక వాళ్లకు ఆ పదాలు సరిగా గుర్తురాలేదు. అద్దంలో చూస్తూ బొమ్మ గీసే నేర్పు మాత్రం చెక్కుచెదరలేదు.