షడ్జాన్ని జరిపే వాద్యం

కీబోర్డు దగ్గర ఎవరినైనా కూర్చోబెట్టి సి, ఇ, జి మీటలు మూడూ కలిపి నొక్కి పట్టుకోమనండి. అది సి మేజర్ కార్డ్. సి ని షడ్జమం అనుకుంటే మన లెక్కలో అవి షడ్జమం, అంతర గాంధారం, పంచమం. ఆ పక్కనే బాస్ గిటార్ మీద సి ఒక్కటి మోగిస్తే కార్డ్ నిబ్బరంగా, వెలుగుగా వినిపిస్తుంది. ఇప్పుడు కీబోర్డు మీద వేళ్లు కదలకూడదు. బాస్ మాత్రం సి నుంచి ఎ కి దిగాలి. అవే మూడు స్వరాలు, కానీ చుట్టూ దిగులు కమ్ముకుంటుంది. సంగీతం చదువుకున్నవారు ఇప్పుడు దాన్ని ఎ మైనర్ సెవెన్ అంటారు. పైన ఏమీ మారలేదు, పేరూ స్వభావమూ మారిపోయాయి.

బాస్ గిటార్ గురించి తెలుసుకోవలసిన సంగతుల్లో నేను దీన్నే ముందు పెడతాను. ఎన్ని స్వరాలు కలిసి మోగినా మన చెవి అట్టడుగున ఉన్నదాన్ని ఆధారంగా పట్టుకుని, మిగతావాటిని దానితో సరిచూసుకుంటూ వింటుంది. ఆ అట్టడుగు స్వరం బాస్ వాయించేవారి చేతిలో ఉంటుంది. తాళానికి తోడుగా ధుం ధుం అని మోగే వాద్యం అనుకునేవారు దీని పనిలో సగమే చూసినట్టు.

కర్ణాటక సంగీతం తెలిసినవారికి ఇది కొత్త విషయం కాదు. గ్రహభేదం అంటే ఇదే కదా. మోహనంలోని అయిదు స్వరాలను అలాగే ఉంచి ధైవతాన్ని షడ్జమం అనుకుంటే శుద్ధ ధన్యాసి వస్తుంది, రిషభాన్ని అనుకుంటే మధ్యమావతి, గాంధారాన్ని అనుకుంటే హిందోళం. గిటార్ నేర్చుకునే కుర్రాళ్లు మొదట్లోనే పట్టుకునే ఎ మైనర్ పెంటాటానిక్, సి మేజర్ పెంటాటానిక్ మధ్య ఉన్న బంధుత్వమూ అచ్చం ఇదే. మొదటిది శుద్ధ ధన్యాసి స్వరాలు, రెండోది మోహనం స్వరాలు. (గమకం లేకుండా స్వరాలు వరుసగా వాయిస్తే రాగం అయిపోదని నాకూ తెలుసు. ఇక్కడ మాట్లాడుతున్నది స్వరాల అమరిక గురించే.) అయితే కచేరీలో గ్రహభేదం చేసే విద్వాంసుడి వెనక తంబురా పాత షడ్జమాన్నే పలుకుతూ ఉంటుంది, ఆయన కాసేపటికి ఇంటికి రాక తప్పదు. కార్డ్‌ల మీద నడిచే పాటకు ఆ కట్టుబాటు లేదు. పాట మొత్తానికి ఒక శ్రుతి ఉన్నా, ఒక్కో కార్డ్ దగ్గర ఆధారం తాత్కాలికంగా జరుగుతూ పోతుంది. జరిపేది బాస్.

మరి ఇంత పని చేసే వాద్యం చాలామంది చెవిన పడదెందుకు? ఒక కారణం మన ఫోన్లే. బాస్‌లో అతి లావు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. ఫోన్‌లోని చిన్న స్పీకర్ అంత మంద్రాన్ని పలకలేదు. దానిపైన పుట్టే అనుస్వరాలను మాత్రం పలుకుతుంది, వాటిని బట్టి అసలు స్వరాన్ని మెదడు ఊహించుకుంటుంది. స్వరం ఏదో తెలుస్తుంది గాని దాని బరువు ఒంటికి తగలదు. ఇళయరాజా పాటలను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఈ తేడా బాగా తెలుస్తుంది. ఆయన వాద్యాలన్నిటికీ స్టాఫ్ నొటేషన్ రాసి ఇచ్చే సంగీత దర్శకుడు. బాస్‌కూ ఒక సొంత వరుస ఉంటుంది, గాయకుడు ఒకవైపు నడుస్తుంటే అది మరోవైపు నడుస్తుంది. ఎ.ఆర్. రెహమాన్ పాటల్లో కీత్ పీటర్స్ బాస్ కూడా అలా వెతుక్కుని వినదగ్గదే. క్యాసెట్ల కాలంలో అట్టల మీద గాయకుల పేర్లు చదువుకున్నాం గాని బాస్ ఎవరు వాయించారో మనకు ఎక్కడా కనిపించేది కాదు.

ఇక వాద్యం దగ్గరికి వద్దాం. మామూలు బాస్‌కు నాలుగు తీగలు. లావు నుంచి సన్నానికి ఇ, ఎ, డి, జి. గిటార్‌లోని లావు తీగలు నాలుగింటి పేర్లే, కాకపోతే ఒక స్థాయి కింద. ఒక్కో ఫ్రెట్ ఒక్కో స్వరస్థానం, పన్నెండు ఫ్రెట్లు దాటితే తారస్థాయి. వీణ మెట్లు చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక తీగకూ పక్క తీగకూ మధ్య ఎప్పుడూ అయిదు ఫ్రెట్ల దూరమే, అంటే శుద్ధ మధ్యమం. గిటార్‌లో జి, బి తీగల మధ్య ఈ లెక్క తప్పుతుంది, నాలుగు తీగల బాస్‌లో ఎక్కడా తప్పదు. అందుకని ఒక చోట నేర్చుకున్న వేళ్ల అమరిక ఫ్రెట్ బోర్డు మీద ఎక్కడికి జరిపినా పనిచేస్తుంది.

ఎ తీగ మీద మూడో ఫ్రెట్ దగ్గర నడిమి వేలు పెట్టండి. అది సి, మన షడ్జమం. అదే తీగ మీద అయిదో ఫ్రెట్ చిటికెన వేలితో, అది చతుశ్రుతి రిషభం. పక్కనున్న డి తీగకు వెళ్లి రెండో ఫ్రెట్ చూపుడు వేలితో గాంధారం, మూడోది నడిమి వేలితో మధ్యమం, అయిదోది చిటికెన వేలితో పంచమం. ఆ తర్వాత జి తీగ మీద రెండో ఫ్రెట్ చూపుడు వేలితో ధైవతం, నాలుగోది ఉంగరం వేలితో నిషాదం, అయిదోది చిటికెన వేలితో పై షడ్జమం. నాలుగు ఫ్రెట్ల వెడల్పులో శంకరాభరణం స్వరాలన్నీ చేతికి వచ్చేశాయి, మేజర్ స్కేల్ అన్నా ఇదే. చెయ్యి మొత్తాన్ని రెండు ఫ్రెట్లు పైకి జరిపి అవే వేళ్లతో వాయిస్తే డి శ్రుతిలో అదే శంకరాభరణం.

ఇందులో ముందుగా కంఠతా పట్టవలసినవి రెండే. ఏ షడ్జమం నుంచైనా పంచమం పక్క తీగ మీద రెండు ఫ్రెట్లు పైన ఉంటుంది. పై షడ్జమం ఆ తర్వాతి తీగ మీద అదే వరుసలో ఉంటుంది. తంబురా పలికే స, ప లతోనే ఎన్నో పాటలకు బాస్ వాయించెయ్యొచ్చు. కార్డ్ మేజరా మైనరా అని తేల్చేది గాంధారం, దాన్ని కీబోర్డుకో గిటార్‌కో వదిలేస్తే తప్పు వాయించే ప్రమాదమూ తగ్గుతుంది. సి, ఎఫ్, జి అనే మూడు కార్డ్‌ల పాట అయితే బాస్‌కు కావలసిన ఆధారాలు స, మ, ప. ఆ మూడు చోట్లా పంచమాలూ పై షడ్జమాలూ చేర్చుకుంటే నెల రోజుల సాధనకు సరిపోతుంది.

అయితే స్వరం ఎంచుకోవడం కన్నా కష్టమైనది దాన్ని ఎక్కడ ఆపాలో తెలియడం. కొత్తవారు మీటడం మీదే దృష్టి పెడతారు, మోగిన తీగను అలాగే వదిలేస్తారు. మంద్రస్వరాలు ఒకదానిమీద ఒకటి పడితే హాలంతా రొద. ఒక తీగ మోగుతుంటే మిగతా మూడూ మూగబోయి ఉండాలి. కుడి బొటనవేలు లావు తీగల మీద ఆనించి, ఎడమచేతి వేళ్లు మిగతావాటికి తేలిగ్గా తాకిస్తూ మోగకుండా ఆపాలి. చూపుడు, నడిమి వేళ్లతో మార్చి మార్చి మీటుతూ, మెట్రొనోమ్‌ను 60 దగ్గర పెట్టి, ఒకే స్వరాన్ని ఒకసారి పొడుగ్గా, ఒకసారి పొట్టిగా వాయించి చూడండి. పాట ఊపే మారిపోతుంది. డ్రమ్స్‌లో కాలితో కొట్టే కిక్ డ్రమ్ ఎక్కడ పడుతుందో అక్కడే మీ స్వరం పడాలి.

ఈ వాద్యం వయసు పెద్దదేమీ కాదు. అంతకుముందు బాస్ అంటే మనిషంత ఎత్తున నిలబెట్టి వాయించే డబుల్ బాస్. మోయడం కష్టం, బ్యాండు హోరులో వినపడదు, ఫ్రెట్లు లేనందువల్ల శ్రుతి తప్పకుండా వాయించాలంటే ఏళ్ల సాధన కావాలి. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ ఈ మూడు చిక్కులకూ కలిపి ఒక విరుగుడు తెచ్చాడు, అదే ప్రెసిషన్ బాస్. ఆయన రేడియోలు బాగుచేసిన మనిషి, గిటార్ వాయించడం రాదు. ఆయన పెట్టిన 34 అంగుళాల తీగ పొడవే ఇప్పటికీ ప్రామాణికం. 1960లో సన్నటి మెడతో, తీగల కంపనాన్ని అందుకునే పికప్‌లు రెండింటితో జాజ్ బాస్ వచ్చింది. ఇవాళ దుకాణంలో కనిపించే బాస్‌లలో ఎక్కువ భాగం ఈ రెండింటి సంతతే. ప్రెసిషన్ గొంతు గుండ్రంగా, బరువుగా ఉంటుంది. జాజ్ బాస్‌లో వంతెన దగ్గరున్న పికప్ పెంచితే స్వరం కొంచెం ముక్కుతో పలికినట్టుగా, స్పష్టంగా వస్తుంది.

కొనేటప్పుడు ఏం చూడాలి? మొదటి బాస్ నాలుగు తీగలదే తీసుకోండి. అయిదు తీగల దాంట్లో కిందికి బి తీగ వస్తుంది, దానితో పాటు మెడ వెడల్పూ, మూగబరచవలసిన తీగా పెరుగుతాయి. బ్యాటరీతో నడిచే యాక్టివ్ సర్క్యూట్ కూడా మొదట్లో అక్కర్లేదు. యమహా, ఐబనెజ్, స్క్వైర్, కోర్ట్ లాంటి కంపెనీల తక్కువ ధర బాస్‌లు నేర్చుకోవడానికి ధారాళంగా సరిపోతాయి. చేతులు చిన్నవైతే 30 అంగుళాల షార్ట్ స్కేల్ వెతకండి. పాల్ మెకార్ట్‌నీ బీటిల్స్‌లో వాయించిన హాఫ్నర్ కూడా షార్ట్ స్కేలే.

మిగిలిన డబ్బు సెటప్ మీద పెట్టండి. తీగలు ఫ్రెట్ల మీద మరీ ఎత్తులో ఉంటే వేళ్లు నొప్పెట్టి నెలలోపే మూలన పెడతారు. తెలిసిన మనిషి చేత మెడ వంపూ, తీగల ఎత్తూ సరిచేయిస్తే చవక బాస్ కూడా చేతికి ఒదుగుతుంది. విశాఖ, కాకినాడ వైపు ఉండేవారు వాయించాక తీగలను పొడిగుడ్డతో తుడవాలి, లేకుంటే చెమటకూ ఉప్పుగాలికీ తుప్పు పడతాయి. ఇంట్లో సాధనకు చిన్న బాస్ ఆంప్ గాని, హెడ్‌ఫోన్ ఆంప్ గాని చాలు. గిటార్ ఆంప్‌లోకి బాస్ పెట్టి శబ్దం పెంచకండి, ఆ స్పీకర్ దీని బరువు మోయలేక చెడిపోవచ్చు.

మంచి సామాను లేదని దిగులుపడేవారు ఒక్కసారి జేమ్స్ జేమర్సన్‌ను వినాలి. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకు 1960లలో బాస్ వాయించినది ఎక్కువగా ఆయనే. 1962 నాటి ప్రెసిషన్ బాస్ ఒక్కటి, కుడిచేతి చూపుడు వేలు ఒక్కటి, తెగితే తప్ప మార్చేవాడు కాదని చెప్పుకునే పాత తీగలు. అన్నేళ్లు వాయించినా మోటౌన్ ఆల్బమ్ మీద ఆయన పేరు అచ్చయింది 1971లోనే, మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ మీద.