మీకు తెలుసా? పంటి వేరుకూ సిమెంటు పెడతారు!

రూట్ కెనాల్ చేయించి, పైన క్యాప్ కూడా వేయించుకున్న పన్ను కొన్నాళ్లకు మళ్లీ సలపడం మొదలుపెడుతుంది. చిగురు మీద పొక్కు లేచి చీము కారుతుంది. ఇక పీకించేయడమే అనుకుంటాం. క్యాప్ ఊడదీసి రూట్ కెనాల్‌నే ఇంకోసారి చేసి చూడొచ్చు. అదీ కుదరకపోతే దొడ్డిదారి ఒకటుంది. చిగురుకు మత్తిచ్చి, దాన్ని కోసి పక్కకు తప్పించి, ఎముకలో చిన్న కిటికీ తెరిచి, వేరు కొసను కత్తిరించేస్తారు. పేరు ఏపికోయెక్టమీ. పేరుకే నోరు తిరగదు, చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు.

కొసనే ఎందుకు? వేరు లోపలి గొట్టం చివరికొచ్చేసరికి, సముద్రానికి చేరువైన గోదారిలా సన్నని పాయలుగా చీలిపోతుంది. డాక్టరు చేతిలోని ఫైలనే సన్నని పనిముట్టు ఆ పాయల్లోకి దూరలేదు, క్రిములు దూరతాయి. ఆ పాయల్లో ఎక్కువ భాగం చివరి 3 మిల్లీమీటర్లలోనే ఉంటాయి గనక దాదాపు అంతమేర కోసేస్తారు.

కోసిన చోట చిన్న గుంట చేసి మూసేస్తారు. దేంతో అనుకున్నారు? ఒకప్పుడు పళ్లలో నింపే వెండి మిశ్రమంతోనే. 1990లలో అమెరికాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో మహమూద్ తొరాబినెజాద్ ఎంటీఏ అనే పొడి తయారుచేశారు. దాని మూలం మన గోడలు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంటే! ఎక్స్‌రేలో కనబడాలని బిస్మత్ ఆక్సైడ్ కలిపారు, అంతే తేడా అనకండి, శుద్ధి సంగతి వేరే. ఎముక లోపల ఎప్పుడూ చెమ్మే. సిమెంటు గట్టిపడటానికి కావలసిందీ అదే.

చిగురుకు వేసిన కుట్లు కొద్ది రోజుల్లో తీసేస్తారు. ఎముక పూడటానికి మాత్రం నెలలు పడుతుంది. వేరు నిలువునా చీలిన పన్నుకు ఈ చికిత్స పనికిరాదు. ముందు పళ్లకు తేలిక. కింది దవడ పళ్ల దగ్గర నరం ఉంటుంది, అక్కడ జాగ్రత్త.

చేయి దూరని వెనక పళ్లకు ఒక్కోసారి ఇంకో చిత్రం చేస్తారు. పన్నును మెల్లగా పీకి, ఆరిపోకుండా సెలైన్‌తో తడుపుతూ, బయటే కొస కోసి మూసి, నిమిషాల్లో మళ్లీ అదే గుంటలో పెట్టేస్తారు. పన్ను పోకూడదని పన్ను పీకడమన్నమాట!